తొలి విద్యార్థిని

వెర్నా పులాస్కీ ఫోనెత్తగానే కమ్యూనిటీ కాలేజీ ప్రెసిడెంట్ హార్లన్ గొంతు హుషారుగా వినబడింది.

"వెర్నా గారూ, గురువారం పదింటికి మన కాలేజీ అరవై ఏళ్ల పండగ. తలుపులు తెరిచిన రోజు అందరికంటే ముందు చేరింది మీరేనట! ‘తొలి విద్యార్థిని, పట్టభద్రురాలు’ అని ఫలకం కూడా చెక్కించాం."

"గురువారం పదింటికి కుదరదు బాబూ. ఆల్జీబ్రా పరీక్ష ఉంది."

"ఎవరికి?"

"నాకే. టైర్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు, ముగ్గురు పిల్లలు. వీలైనప్పుడల్లా ఒక్కో సబ్జెక్టూ పూర్తి చేసుకుంటూ వచ్చాను. పట్టాకి ఇదొక్కటే మిగిలింది. నాలుగుసార్లు పోయింది. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చాయి, ఈసారీ పోతే మళ్లీ రాసే ఓపిక లేదు."

హార్లన్ బల్ల మీద చెక్కించిన ఫలకం ఉంది. ఆహ్వానాలు కూడా పంచేశారు.

"పరీక్ష ఇంకో రోజు పెట్టమని మీ లెక్చరర్‌కి నేను చెప్తాను. ఎవరు?"

"మా మనవరాలే. చెప్పి చూడు. పోయినసారి రెండు మార్కుల్లో నన్ను ఫెయిల్ చేసింది అదే."

గురువారం, పరీక్ష సగంలో ఉండగా, కిటికీలోంచి మైకులో హార్లన్ గొంతు వినబడింది.

"మన కాలేజీ ఎవరినీ మధ్యలో వదిలెయ్యదు! అందుకు సాక్ష్యం మన పట్టభద్రురాలు వెర్నా గారు. అనివార్య కారణాల వల్ల ఆవిడ ఇవాళ రాలేకపోయారు."

చప్పట్లు మోగాయి. వెర్నా తలెత్తింది.

మనవరాలు వెళ్లి కిటికీ మూసింది.

"ఆయన మాట నిజం కావాలంటే ఇంకా మూడు లెక్కలున్నాయి నానమ్మా. కాగితం చూడు."