ఏడో చెయ్యి

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ హాల్లో నేనున్నా ఆయన్ని మాట్లాడనిచ్చేదాన్ని కాదు.

లోర్నా కూడా మాట్లాడనివ్వలేదు.

మార్చి మొదటి మంగళవారం. అమెరికాలో, వెర్మాంట్ కొండల్లో ఓ చిన్న ఊరు. ఊరంతా టౌన్‌హాల్లో కూర్చుని, ఏడాదికి సరిపడా తన పనులు తనే తేల్చుకునే రోజు.

సభ నడిపే ఎల్డన్ తొమ్మిదో అంశం చదివాడు. "ఊరి ఉమ్మడి అడవిని ఎవరికి, ఎప్పుడు అమ్మాలన్నది ఇకమీదట ఊరి బోర్డే చూసుకుంటుంది. ఊరిని అడగక్కర్లేదు."

లోర్నాకి ఆ అడవే బతుకు. ఆ అడవిలో నాలుగొందల మేపుల్ చెట్లు ఆమె కౌలుకి తీసుకుంది. ఆ చెట్ల నీరు మరిగించి తీసే తియ్యటి పాకంతోనే సగం ఇల్లు గడుస్తుంది. మిగతా సగం మొగుడు డేల్ జీతంతో. ఆ జీతమిచ్చేది బోర్డు ఛైర్మన్ ప్రూయిట్, తన కలప మిల్లులో.

హాల్లో సగంమంది ఆ మిల్లువాళ్ళే. ఓటంటే నోటితో "అవును", "కాదు" అనడమే. ఎవరేమంటారో చూడ్డానికి ప్రూయిట్ కుర్చీ జనం వైపు తిప్పుకుని మరీ కూర్చున్నాడు.

అప్పుడు గోడవారగా ఉన్న బెంచీ మీంచి ఓ ముసలాయన చెయ్యెత్తాడు. ఆ బెంచీ బయటివాళ్ళది. ఓటు లేనివాళ్ళు ఎంతసేపైనా చూడొచ్చు. నోరు విప్పాలంటే మాత్రం ఊరు ఒప్పుకోవాలి.

"ఈయన ఒక్క మాట చెప్తాడట. సరేనా?" అన్నాడు ఎల్డన్.

"కాదు." అందరికంటే గట్టిగా వినిపించింది లోర్నా గొంతే. ప్రూయిట్ మీద లేవలేని గొంతు, పాపం, ఆయన మీద లేచింది.

ఆయన చెయ్యి దించేశాడు. ఓటు భోజనాల తర్వాతే అన్నాడు ఎల్డన్.

వడ్డన దగ్గర ఆయన ప్లేటు చాపాడు. "బయటివాళ్ళకి బీన్స్ పెడతారా, దానికీ ఓటు వెయ్యాలా?"

లోర్నాకి నవ్వొచ్చింది. సిగ్గూ వేసింది. "తినండి పెద్దాయనా. ఇందాక ఏం చెబుదామనుకున్నారు?"

"ఇక్కడ చాలామందికి కాదనాలనుంది. ఒక్కరూ అనరు. అవునా?"

"మీదేం పోయింది లెండి. ఊడేది మా ఉద్యోగాలు."

"ఏడుగురు ఓటర్లు చేతులెత్తి అడిగితే కాగితం మీద ఓటు పెట్టి తీరాలమ్మా. చట్టమది."

"మా ఊళ్ళో అలా ఎవరూ అడగరు. మా తాతల నుంచీ అంతా నోటితోనే. దాచి వేసేవాడు పిరికివాడని లెక్క."

"భయం లేకుండా కాదనే వీలుంటేనే అవుననే మాటకి విలువ. ఏడుగురు చాలు."

"అయితే మీరే ఎత్తండి."

"నా చెయ్యి ఇక్కడ చెల్లదుగా. ఇందాక మీరే తేల్చేశారు."

భోజనాలయ్యాయి. "తొమ్మిదో అంశం. అవుననేవాళ్ళు..." అంటున్నాడు ఎల్డన్.

లోర్నా లేచింది. "కాగితం మీద కావాలి," అని చెయ్యెత్తింది.

"ఏంటి లోర్నా, మీ నాన్న ఉంటే తల దించుకునేవాడు," అన్నాడు ప్రూయిట్.

"ఆయన మీ మిల్లులో పనిచెయ్యలేదు లెండి."

ఎవరో కిసుక్కుమన్నారు. స్కూలు బస్సు నడిపే విన్నీ చెయ్యి లేచింది. పాడి ఆవులు పెంచే అన్నదమ్ములవి రెండు. రిటైరైన టీచరుది ఒకటి. పాస్టరుగారి భార్యది ఒకటి.

"ఆరు," అన్నాడు ఎల్డన్. "ఇంకొకటి కావాలి."

లోర్నా డేల్ వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

ఎల్డన్ వరసలన్నీ మరోసారి చూశాడు.

"ఏడు," అన్నాడు.

వెనక వరసలో డేల్. చెయ్యి నిటారుగా ఉంది. ఆ పక్కన ఇంకో మిల్లువాడు, వాడి పక్కన ఇంకొకడు. ఎల్డన్ లెక్కపెట్టడం మానేశాడు.

కాదన్న కాగితాలు నూట పదకొండు. అవునన్నవి ఇరవైమూడు.

బెంచీలు చరిచిన మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. విన్నీ లోర్నాని పట్టుకుని ఏడ్చేసింది. డేల్ మాత్రం తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. ఈ సందట్లో ముసలాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

మర్నాడు మిల్లులో ఎవరి ఉద్యోగమూ ఊడలేదు. అంతమందిని తీసేస్తే రంపం నడిపేదెవరు?

ఏప్రిల్లో లోర్నా పాకం డబ్బా ఒకటి పట్టుకుని ఊరి గుమస్తా బెర్నిస్ దగ్గరికెళ్ళింది. "ఆయన అడ్రస్ కావాలి. ఆ రోజు తలుపు దగ్గర బయటివాళ్ళ సంతకాలు తీసుకున్నావుగా. ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు నేను."

బెర్నిస్ పుస్తకం తిప్పింది. ఆ పేరు దగ్గర ఆగింది. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టింది.

"ఏంటది?"

"మన అడవి కొంటామంటూ ఆ సభకి ముందే వచ్చిన ఉత్తరం. బేరమంతా లాయర్లే నడిపారు. ప్రూయిట్ కూడా కొనే మనిషి మొహం చూళ్ళేదట."

లోర్నా ఆ ఉత్తరం అడుగున ఉన్న సంతకం చూసింది. అదే పేరు, అదే చేతిరాత. భయంతో అనే అవును ఆయనకి అక్కర్లేకపోయింది.

మీకు మేలు చేసి ఇలా చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి ఎవరైనా ఉంటే, కింద నాలుగు ముక్కలు రాయండి. చదవాలనుంది.