మిస్ ఓడెట్ సంచీ

జైలుకెళ్లే బస్సులో ఆ ముసలావిడ పక్కసీటు నిండా పెద్ద సంచీ పెట్టుకుని కూర్చుంది. బ్రాంక్స్‌లో బస్సెక్కిన వెర్నాకు అది చూడగానే ఒళ్లు మండింది.

"సంచీకి కూడా టిక్కెట్టు కొన్నారా?"

ఆవిడ నొచ్చుకోలేదు. సంచీని ఒళ్లోకి తీసుకుని, తన పేరు ఓడెట్ అని చెప్పి, లోపల ఎవరున్నారని అడిగింది.

కొడుకు కాల్విన్, అని ముక్తసరిగా చెప్పింది వెర్నా. కారు దొంగిలించాడు. తప్పు ఒప్పేసుకోమని తనే పట్టుబట్టింది. కొన్నాళ్లు లోపలుంటే బుద్ధొస్తుందనుకుంది. బుద్ధి మాట దేవుడెరుగు, పిల్లాడి గొంతే మారిపోయింది. ఈ ఆదివారం తప్పకుండా రమ్మని మొన్న ఫోనులో అన్నాడు. ఆ అన్న తీరుకు అప్పట్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"జైలు దారిలో పెడుతుంది లెండి" అంది, తనకు తనే చెప్పుకున్నట్టు.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా" అంది ఓడెట్.

గేటు దగ్గర గార్డు వెర్నాను ఆపేశాడు. చేతుల్లేని గౌను వేసుకొస్తే లోపలికి పంపరట. మార్చుకోవడానికి ఇంకో బట్ట లేదు. ఎంత బతిమాలినా అతను వినలేదు. వెర్నా అక్కడే ఏడ్చేసింది.

వెనకనుంచి ఓడెట్ వచ్చి సంచీ విప్పింది. అన్నీ స్వెటర్లే. ఒకటి తీసి ఆమెకు తొడిగింది.

"వెళ్లు తల్లీ. వాడు తలుపు వైపే చూస్తుంటాడు."

తను మాత్రం బయట బెంచీమీదే కూర్చుండిపోయింది. వెర్నాకు ఆ సంగతి పట్టలేదు.

కాల్విన్ చిక్కి సగమయ్యాడు. తల్లి చేతులు వదల్లేదు.

"నువ్వు రావేమో అనుకున్నా" అంటూ చాలాసేపు ఏడ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఓడెట్ నిద్రపోతోంది. పొద్దున అన్న మాటకు క్షమించమని వచ్చే నెల అడగొచ్చులే అనుకుంది వెర్నా.

మరుసటి నెల ఉతికి మడతపెట్టిన స్వెటరుతో బస్సెక్కింది. సీట్లో సంచీ ఒక్కటే ఉంది.

మిస్ ఓడెట్ పోయిందనీ, సంచీ బస్సులోనే ఉంచమని చెప్పి పోయిందనీ డ్రైవరు హార్లన్ అన్నాడు.

వెర్నా స్వెటరును సంచీలో పెట్టింది. "పాపం, లోపలున్న ఆవిడ మనిషికి ఎవరైనా చెప్పారా?"

"ఆవిడకి లోపల ఎవరూ లేరమ్మా" అన్నాడు హార్లన్. "చాలా ఏళ్ల కిందట చేతుల్లేని గౌను వేసుకొచ్చిందని ఆవిణ్ణి గేటు దగ్గరే తిప్పి పంపేశారు, అమ్మ ఇంక రాదనుకుని ఆ కుర్రాడు ఆ రాత్రే ప్రాణం తీసుకున్నాడు."