మూడో శిలువ

“ఈ చిత్రంలో మా అబ్బాయి యోస్ తల మీద కూడా శిలువ గీయి నాయనా,” అంది కాటెలైన్.

గెంట్ నగరంలో కుటుంబ చిత్రాల్లో పోయినవారి తల మీద చిన్న ఎర్ర శిలువ గీయిస్తారు. ఆమె భర్తకూ కూతురికీ ఎప్పుడో గీయించింది.

చిత్రకారుడు నవ్వాడు. “వాడికేమైందమ్మా? నిన్న సంతలో చేప తింటూ నా టోపీని వెక్కిరించాడు!”

“చర్చిలో మరియమ్మ విగ్రహం పగలగొట్టినవాళ్ళలో వాడూ ఉన్నాడు. నాకు వాడు చచ్చినట్టే.”

“కన్నతల్లివేనా నువ్వు?”

“నీకు గీయడం వచ్చా, తిట్టడమే వచ్చా?”

అతను గొణుక్కుంటూ ఎర్రరంగు నూనెలో నూరి, కుర్రవాడి తల మీద శిలువ గీసి వెళ్ళిపోయాడు.

మర్నాడు సైనికులు వచ్చారు. విగ్రహాలు పగలగొట్టినవాళ్ళను ఊరంతా వెతికి ఉరితీస్తున్నారు.

“నీ కొడుకెక్కడ?”

“జ్వరంతో పోయాడు బాబూ, ఏడాది దాటింది. మీరే చూడండి,” అని కాటెలైన్ చిత్రం చూపించింది. ఆమె కాళ్ళ కింద, నేలమాళిగలో, యోస్ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

అధికారి చిత్రం దగ్గరకు వెళ్ళి శిలువల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టాడు. మొదటి రెండూ గట్టిగా ఎండి ఉన్నాయి.

మూడోది వేలికి ఎర్రగా అంటింది.