దేవుడన్నాక

కాశీరావు తిరిగి తిరిగి మళ్ళీ ఆ తలుపు ముందుకే వచ్చి నిలబడ్డాడు.

"ఎక్స్‌రే ఇటు కాదండీ. రండి, చూపిస్తాను," అన్నాడు వరండాలో కూర్చున్న ఖాకీ చొక్కా మనిషి.

అది డెబ్భై నాలుగు వేసవి. కొల్లేట్లో వల విసరడం తప్ప మరోటి తెలియని కాశీరావుకి ఆ విజయవాడ ఆసుపత్రిలో కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. భార్య సన్యాసమ్మ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. ఎవరినడిగినా అటు వెళ్ళమంటారు. అటు వెళితే ఇటు రమ్మంటారు.

ఈ మనిషి మాత్రం వెంట వచ్చాడు. స్ట్రెచర్ తోశాడు. డాక్టరుగారిని బతిమాలి ఆ రోజే ఆపరేషన్ అయ్యేలా చూశాడు. పేరు ఏసుపాదమట. ఖాకీ చొక్కా చూసి, ఆసుపత్రి ఉద్యోగే అనుకున్నాడు కాశీరావు.

సన్యాసమ్మ కళ్ళు తెరిచిందని తెలియగానే వెళ్ళి అతని కాళ్ళ మీద పడ్డాడు.

"మీరు మా పాలిట దేవుడండీ."

ఏసుపాదం గబుక్కున కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "అంత మాటనకండి. నేనూ మనిషినే."

దేవుళ్ళెప్పుడు ఒప్పుకున్నారు గనక? కాశీరావుకి మరింత గురి కుదిరింది.

అతని నోరు ఊరుకోదు కదా, మర్నాటికల్లా వరండాలో వాళ్ళందరికీ ఏసుపాదం దేవుడుగారైపోయాడు. మందులు తెచ్చిపెట్టమని ఒకరు, మంచినీళ్ళకని ఇంకొకరు. ఆయన దేనికీ కాదనలేదు. తిన్నావా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. దేవుడికి ఆకలేమిటి?

ఓ సాయంత్రం ఏసుపాదం వచ్చి కాశీరావు పక్కన కూర్చున్నాడు. వల లాగి లాగి కండలు తిరిగిన అతని చేతుల వంక కాసేపు చూశాడు.

"కాశీరావుగారూ, మిమ్మల్నొకటి అడగాలండీ."

"మీరు మమ్మల్ని అడగటమేంటండీ బాబూ, మేం మిమ్మల్ని అడగాలి గానీ," అంటూ చేతులు జోడించాడు కాశీరావు. పనిలో పనిగా, భార్య కుట్లు ఎప్పుడు విప్పుతారో కనుక్కోమని బతిమాలాడు.

ఏసుపాదం తల వంచుకున్నాడు.

"దేవుడన్నాక ఇంకేం అడుగుతాను లెండి," అని నవ్వి, కుట్ల సంగతి కనుక్కోవడానికి లేచాడు.

సన్యాసమ్మని ఇంటికి తీసుకెళ్ళమన్న రోజున కాశీరావు బంతిపూల దండ కొన్నాడు. ఎంత వెతికినా ఏసుపాదం కనపడలేదు. ఆయన డ్యూటీ ఎప్పుడని నర్సు అమలమ్మని అడిగాడు.

"డ్యూటీ ఏంటయ్యా? ఆయన కూడా మీలాగే వచ్చినాయన. భార్య మా వార్డులోనే ఉండేది. పొద్దున్నే తీసుకెళ్ళిపోయాడు."

"తగ్గిపోయిందాండీ?"

అమలమ్మ దండ వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"రాత్రే పోయిందయ్యా. ఆవిడకి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆయనది సరిపడలేదు. ఎవరినైనా అడిగి తెచ్చుకోమని నేనే వరండాలోకి పంపించాను."

కాశీరావు తెలియకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నన్నొక్క మాట అడిగితే ఇచ్చేవాణ్ణి కదండీ," అన్నాడు.

"అడగడానికే కదయ్యా, పాపం, వచ్చి మీ పక్కన కూర్చున్నాడు."