నిండు చిప్ప

ఎలుగుబంటి కోసం ఇప్పపూలు ఏరడం ఉడత పని. రోజు కూలి అరచిప్ప గింజలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. చిప్ప నిండినా ఆ ఇద్దరికే సరి. తను బెరడు కొరుక్కునేది.

కూలి చాలనివాళ్ళకి చిప్ప నిండేదాకా ఏనుగు తన గాదెలోంచి పోసేది. అది చూసి ఎలుగుబంటి కూలిని పావుచిప్పకి దించేసింది.

"మిగతాది ఏనుగయ్య పోస్తాడుగా, నీకేం లోటమ్మా?" అంది.

అడవిలో అందరికీ కోపం వచ్చింది. ముప్పావు చిప్పకి తక్కువ కూలి ఎవరూ ఇవ్వకూడదని కట్టడి చేశారు. ఎలుగుబంటి గొణుక్కుంటూనే ముప్పావు పోసింది.

ఆ రోజు ఉడత ఏనుగు దగ్గరికి పరుగెత్తింది. ఏనుగు పావు మాత్రం పోసి ఆపేసింది.

"నిన్నటిలా ముప్పావు పొయ్యవా అయ్యా? కుప్పగా నిలుస్తుంది, పడిపోకుండా పట్టుకుంటాను."

"కూలి పెరిగిందిగా, ఇంకా ఎందుకమ్మా? చిప్ప నిండిందా లేదా, అంతవరకే నేను చూసేది."

నిండింది. నిన్నా నిండింది, మొన్నా నిండింది. ఉడత చిప్ప ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.

గూటి దగ్గర పెద్దపిల్ల ఎదురొచ్చింది.

"అమ్మా, కూలి పెంచారటగా! ఇవాళ నువ్వూ తింటావా?"

"పెంచారే తల్లీ. ఎలుగు పెంచింది, ఏనుగు తగ్గించింది" అంటూ ఉడత గింజల్ని ఎప్పటిలాగే రెండు వాటాలు వేసింది.