రాజీనామా కాగితం

"మొదటి పేజీ ఖాళీగా ఉంటే రాయక ఏం చేస్తారు?" అంది షంషున్నీసా.

"అది నా నోటుబుక్కు మా. కందిపప్పు రెండు కేజీలు, సబ్బులు నాలుగు... సరుకుల చీటీ రాసేకి నీకు ఇంగేం దొరకలేదా?" ఆలియా పుస్తకం లాక్కుంది.

"నువ్వేమో ఎనక నుంచి రాస్తాండావు. ఎనక నుంచి మొదలుపెట్టేవాళ్ళను నేను యాడా చూడలే. మళ్ళా టీచరంట."

ఆలియా ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆళ్లగడ్డలోనే ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళుగా లెక్కలు చెబుతోంది. బడి నుంచి రాగానే ఒక అరగంట అట్లా కూర్చోవడం అలవాటు.

"పాటలు తర్వాత వినొచ్చులే. నంద్యాల నుంచి వాజిదప్ప ఫోన్ చేస్తానన్యాడు" అంది తల్లి.

రెండు వారాల కిందట నాయన స్నేహితుడు వాజిద్ తెచ్చిన సంబంధం అది. అబ్బాయి షాహిద్‌కు నంద్యాలలో బట్టల షాపు ఉంది. వాళ్ళింట్లో మాట్లాడేది ఉర్దూ. వీళ్ళింట్లో తాతల నాటి నుంచీ తెలుగే.

"ఎంత కలుపుగోలు మనుషులో. నిన్ను చూసేకి వచ్చిన పొద్దు ఉర్దూలో ఏందేందో అనుకుని ఒకటే నవ్వు. మనమూ నవ్వితిమి."

"నాయన కూడా నవ్వె" అంది ఆలియా.

తండ్రి పీరాది ఇళ్ళల్లో బేతంచెర్ల బండలు పరిచి పాలిష్ పట్టే పని. ఆ రోజు పని మధ్యలోంచి వచ్చాడు. ఎంత కడుక్కున్నా కనుబొమల మీద తెల్లటి పొడి పోలేదు. షాహిద్ ఆయన్ను చూసి అక్క చెవిలో ఏదో అన్నాడు. ఆమె దాన్ని పైకి అంది. వచ్చినవాళ్ళంతా నవ్వారు. చుట్టాలు నవ్వుతున్నారు కదా అని పీరా కూడా నవ్వాడు. ఆలియా టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. షంషున్నీసా స్పీకరు పెట్టింది.

"వదినా, వాళ్ళకందరికీ ఇష్టమే. షాహిద్ నాయనమ్మ మాత్రం ఒక్క మాట మీద ఉండాది. అమ్మాయి సొంత చేత్తో రాసిన రాజీనామా కావాలంట. అది లేకుండా నికా మాటే ఎత్తొద్దంటాంది."

ఆలియా ఇయర్‌ఫోన్లు తీసింది. "రాజీనామానా?"

"అవునమ్మా. రెండు లైన్లు చాలు."

"నేనియ్యను."

షంషున్నీసా ఫోన్‌ను అరచేత్తో మూసి కూతుర్ని కళ్ళతోనే తిట్టింది. తర్వాత మెత్తగా అంది. "కొంచెం టైమియ్యి అప్పా. హెడ్మాస్టర్ ఒప్పుకోవాల గదా."

వాజిద్ అడిగాడు. "హెడ్మాస్టర్ ఎందుకు ఒప్పుకోవాల?"

"ఆయప్ప సంతకం లేకుంటే చెల్లదంట."

"ఆయప్పకూ ఈ నికాకూ ఏం సంబంధం వదినా?"

"పిల్లోల్లుండారు గదా. నడిమధ్యలో వాళ్ళనిడిసిపెట్టి ఎట్లొస్తాది?"

"పిల్లోల్లా?"

"ముప్పై ఎనిమిది మంది."

వాజిద్ దగ్గాడు. రేపు తనే వచ్చి కాగితం తీసుకుంటానని చెప్పి పెట్టేశాడు.

రాత్రికి ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది, ఇట్లాంటి సంబంధం దొరకదు అని తల్లి. పీరా మాత్రం కూతురి వైపు తిరిగి అడిగాడు.

"నీకేమనిపిస్తాంది?"

"రాజీనామా ఇయ్యనని రాసిస్తా నాయనా."

"రాయి మరి. ఉద్యోగం నీది."

మర్నాడు వాజిద్ బడి గేటు దగ్గరికే వచ్చాడు. ఆ ముప్పై ఎనిమిది మంది సంగతి అడగాలనుకుని, ధైర్యం చాలక, కవరు తీసుకుని బస్సెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ సంగటి, కోడికూర ముందు కూర్చున్న వేళకు మళ్ళీ దిగాడు. షంషున్నీసా అతనికీ కంచం పెట్టింది.

"పెద్దామె కాగితం చదివించుకునింది" అన్నాడు వాజిద్. "'నేను రాజీనామా ఇవ్వడం లేదు. ఎవరి బలవంతమూ లేదు.' అంతే ఉండాది. పిల్లకు ఇష్టం లేదు, వదిలెయ్యండి అనె. నా నికా అప్పుడు నన్నెవరూ అడగలే, ఈ పిల్లనన్నా అడిగితిమి అనె."

"ఇష్టం లేదని ఎవరు రాసిరి? బడి మాననని గదా రాసింది."

వాజిద్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "బడి ఏంది వదినా? ఉర్దూలో రాజీనామా అంటే ఒప్పుదల కాగితం. ఉద్యోగం మానేదాన్ని మేం ఇస్తీఫా అంటాం."

పీరా అన్నాడు. "రాజీ అంటే మనకూ ఒప్పుకునేదే. దానికి నామా తగిలిస్తే మానుకునేదెట్లయిందప్పా?"

"అట్లైతే ఆ పిల్లోల్లు?"

"బళ్ళో పిల్లోల్లు, చిన్నాయనా" అంది ఆలియా.

"అల్లా. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు తల్లీ."

షంషున్నీసా గరిటె పక్కన పెట్టింది. "ఇప్పుడన్నా ఫోన్ చెయ్యి. తప్పైందని చెప్పు."

"కుదరదు వదినా. కాదని రాసిన పిల్లను రెండోసారి అడిగితే అది బలవంతమే అని పెద్దామె ముందే తేల్చేసింది."

పీరా తలెత్తాడు. "ఆమె మాటే నా మాట. ఈ సంబంధం ఇంతటితో సరి. ఆలియా బడికి పోతాది. ఇంగ ఎవరూ ఎత్తొద్దు."

"ఇంట్లో ఒక్కరికి నాలుగు ఉర్దూ ముక్కలొచ్చింటే ఈ పని జరిగేదా?" అంది షంషున్నీసా కళ్ళు తుడుచుకుంటూ.

"నిజమే మా" అంది ఆలియా. నాయన కంచంలో ఇంకో ముక్క వేసి, ఆయన కనుబొమల మీది పొడిని చున్నీ కొసతో తుడిచింది.

చేతులు కడుక్కుని గోడకు ఆనుకుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నోటుబుక్కును ఎప్పటిలాగే వెనక నుంచి తెరిచి, కుడి అంచున కలం ఆనించింది.

చెవుల్లో మొదలైంది ఆమె నూట పన్నెండో ఉర్దూ పాఠం.