ఇల్లు ఆయన పేరు మీదే

"నా పేరు వద్దమ్మా. ఇల్లు ఆయన ఒక్కడి పేరు మీదే రాయి."

లాయరు ఆఫీసులో గుమాస్తా హయాతి తలెత్తి చూసింది. "డబ్బంతా మీదేగా ఆంటీ? ఇద్దరి పేర్లూ రాస్తాను."

"వద్దంటే వద్దు," అంది యోక్ లిన్.

పక్క కుర్చీలో మొగుడు తియాన్ చోయ్ ఇబ్బందిగా కదిలాడు. "ఎందుకే ఇదంతా? ఇద్దరికీ ఉంటే పోలా?"

"మీరు ఊరుకోండి. ఈ ఒక్కటీ నా మాట వినండి."

ఊరుకున్నాడు. ఎప్పుడూ అంతే, నోట్లో నాలుక లేని మనిషి. ఇంకొకడైతే ఆ రోజే పెళ్ళాన్ని మెడపట్టి గెంటేవాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఇపో ఊళ్ళో వాళ్ళ సొంతిల్లు వేలానికి పోయింది. ఆ రోజు తియాన్ చోయ్ మెట్ల మీద కూలబడ్డాడు. "మీ తమ్ముడు లారీలు కొంటానంటే షూరిటీ సంతకం పెట్టాను. వాడు చేతులెత్తేశాడు. నేను దివాలా తీశాను," అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, పాపం.

అత్తగారు మాత్రం ఎత్తని రోజు లేదు. "కోడలు కాలు పెట్టింది, కోడలి తమ్ముడు వేలు పెట్టాడు. ఇంకేం మిగుల్తుంది కొంప!"

యోక్ లిన్ తల వంచుకుని గిన్నెలు తోముకునేది. తప్పు తన పుట్టింటిదాయె.

అప్పటినుంచీ మొగుడి మొహం సూటిగా చూడలేదు. అద్దె గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ ఆయన వైపే తిప్పింది. చేపలో మంచి ముక్క ఆయన గిన్నెలోనే వేసింది. బజారు మూలన కూచుని వేపుడు సేమియా పొట్లాలు అమ్మింది. తనకంటూ ఒక కొత్త జాకెట్టు కుట్టించుకోలేదు.

ఇల్లు పోయాక వచ్చిన మొదటి చీనా కొత్త సంవత్సరానికి తమ్ముడు కోక్ వా నారింజ పళ్ళ సంచీతో వచ్చి గడప బయట నిలబడ్డాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

"అక్కా, ఒక్క మాట విను."

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా? నాకు తమ్ముడు లేడు. పో!"

వాడు సంచీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. పళ్ళు తీసుకెళ్ళి కాలవలో పారేసింది. కోపం ఆగక, "వాడుండే వీధికెళ్ళి నలుగురిలో కడిగేసి వస్తా," అని చెప్పులు కూడా వేసుకుంది. తియాన్ చోయే అడ్డం పడ్డాడు.

"పోనీలేవే, నీ తమ్ముడేగా! పోట్లాడితే పోయిన ఇల్లు తిరిగొస్తుందా?"

ఆ మంచితనానికి ఆమెకి ఇంకా ఏడుపొచ్చింది. ఈ మనిషి రుణం ఎలాగైనా తీర్చుకోవాలనుకుంది. నిరుడు కోర్టు ఆయన మీదున్న దివాలా మచ్చ కొట్టేసింది. ఇన్నాళ్ళకి ఒక చిన్న ఇల్లు కుదిరింది.

"ఇంట్లో నాకు వాటా అక్కర్లేదు" అని రాసిన కాగితం మీద యోక్ లిన్ తన చీనా అక్షరాల్లో సంతకం పెట్టింది. గుండెల మీది బండ దిగినట్టనిపించింది.

"అంకుల్, మీ గుర్తింపు కార్డు నకలు కావాలి. కింద కొట్లో తీయించుకు రండి," అంది హయాతి. ఆయన వెళ్ళాక ఇంకో కట్ట విప్పింది. "కోర్టు నుంచి పాత దివాలా కేసు కాగితాలొచ్చాయి. పేర్లు సరిచూడాలి."

యోక్ లిన్‌కి బజారులో మాట్లాడే మలయ్ భాష వచ్చుగానీ, కాగితాల మీది మలయ్ ఒక్క ముక్క చదవడం రాదు. ఇన్నేళ్ళూ కాగితాలన్నీ ఆయనే చూసుకున్నాడు.

"కాస్త నాక్కూడా చదివి చెప్పమ్మా," అంది. "మా తమ్ముడు చేసిన పాపం అందులో ఉంది. ఇవాళ్టితో అది తీరింది. ఒక్కసారి చెవులారా వింటాను."

హయాతి కళ్ళజోడు సర్దుకుని చదివింది. "అప్పు తీసుకున్నది మీ ఆయనే ఆంటీ, షూరిటీ సంతకం పెట్టి ఆయనతోపాటు దివాలా తీసినవాడు లియోంగ్ కోక్ వా."